వలెన్సియా సెంట్రల్ మార్కెట్: నా సెమిస్టర్ బడ్జెట్‌ని నిలబెట్టిన చోటు

స్పెయిన్ స్టూడెంట్ వీసాకి నెలకి 600 యూరోల చొప్పున లెక్క చూపించి వచ్చాను. గది అద్దె కట్టగానే అందులో సగానికి పైగా పోయింది. ఇక నా చేతిలో ఉన్నది తిండి ఖర్చే. వారానికి 15 యూరోల్లో కూరగాయలు, పండ్లు ఇక్కడే సర్దుకున్నాను.

1928లో తెరిచిన భవనం, పైన పెద్ద గుమ్మటం, చూడటానికే రావచ్చు. నా కళ్లు మాత్రం అసెల్గా (స్విస్ చార్డ్ అనే ఆకుకూర) కట్టల మీదే. వెడల్పాటి తెల్ల కాడలు, పాలకూరని పోలిన ఆకు, మొదళ్లకి ఇంకా తడిమట్టి. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపప్పులో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెడితే అమ్మ చేసే పాలకూర పప్పే గుర్తొచ్చింది. కాడలు పారేయకండి, సన్నగా తరిగి వేపుడు చేసుకోండి.

"మెదియో కిలో, పోర్ ఫవోర్" అంటే అరకిలో తూస్తారు. కోసి కప్పుల్లో పెట్టిన పండ్ల జోలికి పోకుండా చలికాలంలో నారింజలు కిలోల్లో కొనండి. బియ్యం మాత్రం సూపర్‌మార్కెట్‌లోనే తీసుకోండి. ఈ మార్కెట్‌లో కనిపించే బొంబా రకం బియ్యం పాయెయాకి (స్పెయిన్ అన్నం వంటకం) బాగుంటుంది గానీ ధర ఎక్కువ, మన అన్నంలా పొడిపొడిగా రాదు. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం 3కల్లా మూసేస్తారు. నేనైతే శనివారం పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లేదాన్ని.