ల్యాబ్‌లో లినక్స్ లాగిన్ నత్తనడక: హోమ్ డైరెక్టరీ ఎక్కడుంటే మేలు?

పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ రావడానికి నిమిషం పడుతోందంటే అందరి వేలూ నెట్‌వర్క్ వైపే లేస్తుంది. కొత్త స్విచ్ వస్తుంది, లాగిన్ మాత్రం అలాగే ఉంటుంది. లాగిన్ అప్పుడు పెద్ద ఫైళ్లేవీ కదలవు. ఈ ఫైలుందా, దీని తేదీ ఏమిటి, దీనికి తాళం (ఇంకొకరు అదే సమయంలో రాయకుండా ఆపే లాక్) ఇస్తావా అంటూ సర్వర్‌ను వేలసార్లు అడగడమే ఎక్కువ, అడిగిన ప్రతిసారీ జవాబు వచ్చేదాకా ఆగాలి. గిగాబిట్ తీగ వేసినా ఆ ఆగడం తగ్గదు. అందుకే యూజర్ హోమ్‌ను, అంటే అతని ఫైళ్లూ సెట్టింగులూ ఉండే ఫోల్డర్‌ను, ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. దారులు మూడు: హోమ్ మొత్తం ఎన్‌ఎఫ్‌ఎస్ (ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) సర్వర్ మీద, హోమ్ మెషీన్‌లోనే ఉంచి సర్వర్‌తో సింక్ చేయడం (కాపీలను సరిపోల్చి ఒకటి చేయడం), హోమ్ సర్వర్ మీదే ఉంచి క్యాషె (ప్రోగ్రాములు వేగం కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) మాత్రం లోకల్ డిస్కుకు తేవడం.

ముందు ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి

దారి మార్చేముందు రెండు పరీక్షలు చేయండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అదే యూజర్‌తో టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అవ్వండి. అక్కడా ఆలస్యమే అయితే తప్పు డెస్క్‌టాప్‌ది కాదు. యూజర్, సర్వర్ పేర్ల వెతుకులాటదో, మౌంట్‌దో (సర్వర్ ఫోల్డర్‌ను మెషీన్‌కు తగిలించడం). తర్వాత హోమ్ లోకల్ డిస్కు మీదే ఉన్న ఒక కొత్త యూజర్‌ను సృష్టించి గ్రాఫికల్‌గా లాగిన్ అవ్వండి. అదీ నెమ్మదైతే హోమ్ ఎక్కడికి మార్చినా ఫలితం ఉండదు.

ఆలస్యం ఎన్ని సెకన్లన్నదే చాలాసార్లు దొంగను పట్టిస్తుంది. 5 లేదా 10 సెకన్లు అయితే పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించండి: జవాబివ్వని నేమ్‌సర్వర్ కోసం రిజాల్వర్ మామూలుగా 5 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. సరిగ్గా 25 సెకన్లయితే డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద ఏదో సర్వీస్ లేవలేదు. యాప్‌లకు డెస్క్‌టాప్ సౌకర్యాలు అందించే డెస్క్‌టాప్ పోర్టల్ అనే సర్వీస్ ఇలా ఇరుక్కోవడం తరచూ చూస్తాం. 60 సెకన్లయితే ఎన్‌ఎఫ్‌ఎస్ టీసీపీ టైమౌట్. 90 అయితే సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డి ఒక యూనిట్ (అది నడిపే సర్వీస్, మౌంట్ లాంటిది) కోసం ఎదురుచూసి వదిలేసింది. సిస్టమ్‌డి రాసుకునే జర్నల్ లాగ్ తెరిచి వరసగా టైమ్ చూసుకుంటూ రండి. ఖాళీ ఎక్కడుందో, దానికి ముందు పంక్తిలో ఏ పేరుందో అదే మీ ఆచూకీ. ఇలా గుండ్రటి అంకె రాకుండా 20 నుంచి 50 మధ్య రోజుకోలా మారుతూ, తొమ్మిదింటి క్లాసుకు అందరూ ఒకేసారి కూర్చున్నప్పుడు ఇంకా పెరిగితే, అప్పుడు హోమ్ సంగతి చూడాలి.

ఎల్‌డాప్ (యూజర్ల వివరాలన్నీ ఒకే సర్వర్‌లో ఉంచే పద్ధతి) వాడే చోట ఐడీ కమాండ్‌ను ఒక యూజర్ పేరుతో నడిపి ఎంతసేపు పట్టిందో కొలవండి. సెకన్లు పడితే, ఆ వివరాలు తెచ్చే ఎస్‌ఎస్‌ఎస్‌డి సెట్టింగుల్లో యూజర్లందరి జాబితా తెచ్చే ఎన్యూమరేట్ ఆపేసి, గ్రూప్ సభ్యుల జాబితా తేవద్దనే ఇగ్నోర్ గ్రూప్ మెంబర్స్‌ను (ignore_group_members) ట్రూ చేయండి. వేలమంది ఉన్న గ్రూపుల్లో ఈ ఒక్క మార్పుకే చాలా తేడా కనిపిస్తుంది.

హోమ్ మొత్తం సర్వర్ మీద

ఎవరు ఏ సీట్లో కూర్చున్నా తమ ఫైళ్లు ఉంటాయి, బ్యాకప్ ఒకచోటే. నొప్పి రాతల దగ్గర. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఫోల్డర్‌ను సింక్ అనే సెట్టింగుతో పంచితే (పైన చెప్పిన కాపీల సింక్ వేరు) ప్రతి కొత్త ఫైలూ డిస్కు మీద పడ్డాకే సర్వర్ సరే అంటుంది. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. ఒక లాగిన్‌లో 500 చిన్న రాతలు అనుకుంటే, ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్ల చొప్పున 5 సెకన్లు. 40 మంది ఒకేసారి వస్తే అందరూ ఆ ఒక్క డిస్కు ముందే వరసకడతారు.

ఈ దారిలోనే ఉండాలంటే కరెంటు పోయినా రాతను కాపాడే ఎస్‌ఎస్‌డీ ముందు కొనండి, నెట్‌వర్క్ కార్డు సంగతి తర్వాత. సర్వర్‌లో అభ్యర్థనలు అందుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌డి థ్రెడ్లు 8 దగ్గరే ఉంటే 64 చేయండి. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 3 వదిలి 4.2కు రండి, 3లో తాళాలకు వేరే సర్వీసులు, వేరే పోర్టులు కావాలి, ఫైర్‌వాల్ వాటిని ఆపితే డెస్క్‌టాప్ తాళం కోసం బిగుసుకుపోతుంది. వేగం కోసం అసింక్ (డిస్కు మీద పడకముందే సర్వర్ సరే అనడం) పెట్టకండి, సాఫ్ట్ మౌంట్ (సర్వర్ జవాబివ్వకపోతే కాసేపటికి వదిలేయడం) పెట్టకండి. మొదటిదానితో సర్వర్‌కు కరెంటు పోతే సేవ్ అయిందనుకున్న పని పోతుంది. రెండోదానితో సర్వర్ కాసేపు తడబడినా ఫైలు సగంలో పాడవుతుంది.

లోకల్ హోమ్, సింక్

వేగంలో దీనికి సాటి లేదు. ఒక మనిషికి ఒకే మెషీన్ ఉండే ఆఫీసుకు ఇదే మేలు. సీట్లు మారే ల్యాబ్‌కు మాత్రం పనికిరాదు. లాగౌట్ అప్పుడు మారిన ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ నడుస్తుందని నమ్ముతాం, విద్యార్థి పవర్ బటన్ నొక్కి వెళ్లిపోతాడు. మర్నాడు వేరే సీట్లో పాత ఫైలు తెరిచి రాస్తాడు. ఇక ఏది అసలు? ఆర్‌సింక్‌కు డిలీట్ ఆప్షన్ (పంపేవైపు లేని ఫైళ్లను అందుకునేవైపు తుడిచేది) ఇచ్చి ఉంటే, పాత కాపీలో లేదన్న కారణంతో కొత్త పనే తుడిచిపెట్టుకుపోవచ్చు. ఈ దారి తప్పదంటే 15 నిమిషాలకోసారి టైమర్‌తో సింక్ చేయండి, డిలీట్ ఆప్షన్ జోలికి పోకండి.

హోమ్ సర్వర్‌లో, క్యాషె లోకల్‌లో

ల్యాబ్‌కు మా ఓటు దీనికే. పోయినా మళ్లీ పుట్టేవి మెషీన్‌లో, పోతే ఏడ్చేవి సర్వర్‌లో. బ్రౌజర్ క్యాషె, థంబ్‌నెయిల్స్ లాంటివన్నీ హోమ్‌లోని డాట్ క్యాషె ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి విడదీయడం తేలిక.

క్యాషె ఎక్కడుండాలో ప్రోగ్రాములకు చెప్పే ఎక్స్‌డీజీ క్యాషె హోమ్ (XDG_CACHE_HOME) అనే వేరియబుల్‌ను, లాగిన్ అప్పుడు వేరియబుళ్లు అమర్చే ప్యామ్ ఎన్వ్ ద్వారా, యూజర్ పేరుతో లోకల్ డిస్కులోని ఫోల్డర్‌కు చూపించండి. షెల్ సెట్టింగుల బ్యాష్ ఫైల్లో పెడితే సిస్టమ్‌డి లేపే సర్వీసులకు అది అందదు. చాలామంది ఇక్కడే పొరబడి ఫలితం లేదంటారు. ఫోల్డర్‌ను రూట్‌గా (అడ్మిన్ హక్కులతో), లాగిన్ అప్పుడు నడిచే ప్యామ్ ఎగ్జెక్ స్క్రిప్టుతో ముందే సృష్టించి, యూజర్ పేరు మీదికి మార్చి, 700 అనుమతి (ఆ యూజర్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోదు) ఇవ్వండి. అందరూ రాయగల ఫోల్డర్‌లో ఎవరికి వారే సృష్టించుకునేలా వదిలితే, మీ పేరుతో ఇంకొకరు ముందే ఒకటి చేసి ఉంచవచ్చు.

డెస్క్‌టాప్ గ్నోమ్ అయితే ఇంకో పని ఉంది. గ్నోమ్ సెట్టింగులు దాచే డీకాన్ఫ్ తన డేటాబేస్ ఫైలును నేరుగా మెమరీకి మ్యాప్ చేసుకుంటుంది, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద అది సరిగ్గా పొసగదు. ఈటీసీ కింద డీకాన్ఫ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో యూజర్ అనే ఫైల్ (/etc/dconf/profile/user) మొదటి పంక్తిగా సర్వీస్-డీబీ:కీఫైల్/యూజర్ (service-db:keyfile/user) అని పెట్టండి. ఫైళ్లను సూచీ కట్టే ట్రాకర్‌ను అన్ని యూజర్లకూ మాస్క్ చేయండి (సిస్టమ్‌డి దాన్ని అసలు లేపకుండా ఆపడం). గ్నోమ్ 47 నుంచి దాని పేరు లోకల్‌సెర్చ్. కేడీఈ డెస్క్‌టాప్‌లో అయితే అదే పని చేసే బలూను ఆపండి. లేకుంటే 40 మెషీన్లూ లాగిన్ కాగానే 40 హోమ్‌లను సర్వర్ మీద తిరగేస్తాయి.

డాట్ లోకల్ ఫోల్డర్‌ను కూడా ఇలాగే తరలిద్దామనిపిస్తుంది. వద్దు, దాచుకున్న పాస్‌వర్డ్‌ల పెట్టె అయిన కీరింగ్ అక్కడే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఎలాగూ సర్వర్‌లోనే మిగులుతుంది, అందుకే ఒకరే రెండు మెషీన్లలో తెరిస్తే రెండోది ఇప్పటికే నడుస్తోందని మొరాయిస్తుంది. విద్యార్థులకు ముందే చెప్పి ఉంచండి. లోకల్ క్యాషె ఫోల్డర్లు పేరుకుపోతాయి, 30 రోజులు ముట్టనివాటిని పాత ఫైళ్లు తుడిచే సిస్టమ్‌డి టెంప్‌ఫైల్స్ నియమంతో తీసేయండి.

మార్పుకు ముందూ తర్వాతా, ఎన్‌ఎఫ్‌ఎస్ జవాబుల ఆలస్యం చూపే ఎన్‌ఎఫ్‌ఎస్ ఐఓస్టాట్ (nfsiostat) కమాండ్‌తో కొలవండి, అదీ ఒక్క మెషీన్ నుంచి కాదు. పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి ఎంటర్ నొక్కమనండి.