శ్రవణబెళగొళ చిక్కబెట్ట గైడు: 5కి 4 స్టార్లు

మాది మడకశిర పక్కన పల్లె. కర్ణాటకలో జైనుల క్షేత్రం శ్రవణబెళగొళ మాకేమీ దూరం కాదు, అయినా యాభై రెండేళ్ళు వచ్చేదాకా పోలేదు. పోయిన నెల పోయాను. అక్కడికి వెళ్ళినవాళ్ళంతా ఎక్కేది గోమటేశ్వరుడున్న దొడ్డబెట్ట. నేను మాత్రం ఎదురుగా ఉన్న చిన్న కొండకు, చిక్కబెట్ట అంటారు, చంద్రగిరి అని కూడా అంటారు, దానికే గైడును మాట్లాడుకున్నాను. ఎందుకో చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు.

పదకొండేళ్ళ కింద మా తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు. వరసగా మూడేళ్ళు శెనక్కాయ పంట పోయింది, బోరు ఎండిపోయింది, అప్పులు. కర్మ రోజున పెద్దమనిషి ఒకాయన మా అమ్మ ముందరే అన్నాడు, "ఆత్మహత్య మహాపాపం, వీనికి గతులుండవు" అని. మరుసటేడు ఆయనకు తెలిసిన జైనుల ఇంట్లో ఒక ముసలాయన అన్నం మానేసి వ్రతంలో కన్నుమూశాడు. "ఎంత పుణ్యాత్ముడో" అని ఈ పెద్దమనిషే ఊరంతా చెప్పుకున్నాడు. ఇద్దరూ తమంతట తామే పోయినవాళ్ళు కదా, ఒకరికి పాపం, ఒకరికి పుణ్యం ఎట్లయింది? ఈ ప్రశ్న అప్పటినుంచి నాలో నలుగుతూనే ఉంది. జైనులు అట్లా తిండి మానేసి దేహం వదిలే వ్రతాన్ని సల్లేఖన అంటారు. ఆ వ్రతం పట్టి పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కి ఉన్న కొండ చిక్కబెట్ట. అడిగితే అక్కడే అడగాలనుకున్నాను.

గైడు రిటైరైన కన్నడ పంతులు. రెండు గంటలకు ఆరు వందలు. తెలుగు బాగానే మాట్లాడతాడు, మధ్యలో కన్నడం దొర్లుతుంది, మా వైపువాళ్ళకు అది ఇబ్బంది కాదు. మొదటి అరగంట మాత్రం నిరాశపడ్డాను. జైన గురువు భద్రబాహుస్వామి వెంట చంద్రగుప్త మౌర్యుడు ఇక్కడికి వచ్చి ఈ కొండ మీదనే దేహం వదిలాడని జైనులు చెప్పుకునే కథ, బసదుల (జైన గుళ్ళు) పేర్లు, కట్టించిన రాజుల పేర్లు బడిపిల్లలకు అప్పజెప్పినట్టు గబగబా చెప్పేశాడు.

బసదుల మధ్య ఉన్న బోడిబండ దగ్గరికి వచ్చాక మనిషే మారిపోయాడు. అక్కడ నేల మీదనే అక్షరాలు. ఏడో శతాబ్దం నాటివి, ఆ తర్వాతివి. ఫలానా ముని, ఫలానా కంతి (సన్యాసినిని అట్లా అంటారట) ఇక్కడ వ్రతం పట్టి ముగించారు అని రెండు మూడు పంక్తులు, అంతే. ఆయన వంగి, అక్షరాలకు వేలు తగలకుండా గాలిలోనే వేలు కదిలిస్తూ నందిసేన ముని శాసనం చదివాడు. "సురచాపంబోలె విద్యుల్లతెగళ తెఱవోల్ మంజువోల్..." ఇంద్రధనుస్సులాగా, మెరుపుతీగలాగా, మంచులాగా సిరీ రూపమూ కనిపించి కరిగిపోతాయి, ఎవరికీ నిలవవు అని. అర్థం చెప్పకముందే నాకు సగం తెలిసింది. రెండోసారి చదవమన్నాను. విసుక్కోలేదు.

అప్పుడు అడిగాను. "అయ్యా, ఇది ఆత్మహత్య కాదా?"

రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నేనట. కానీ నా మొహం చూసి కాబోలు, నిలబడినవాడు నీడలో కూర్చున్నాడు. పాతకాలపు జైన గురువు సమంతభద్రాచార్యుడు దీనికి నాలుగే సందర్భాలు చెప్పాడన్నాడు. తప్పించుకోలేని ఆపద, కరువు, ముసలితనం, మందులేని రోగం. అది కూడా గురువు ఒప్పుకుంటేనే. ముందుగా అందరినీ క్షమాపణ అడగాలి, తానూ అందరినీ క్షమించాలి. తిండి తగ్గించడం కూడా నిదానంగానే. ఒంటరిగా చేసేది కాదు, చుట్టూ మనుషులుంటారు. ఇంతవరకు నేను విన్నదే. తర్వాత చెప్పింది మాత్రం నేనెక్కడా వినలేదు. వ్రతాన్ని చెడగొట్టే దోషాలు ఐదున్నాయట. ఇంకా బతకాలని ఆశపడటం ఒకటి. రెండోది, చావు తొందరగా రావాలని కోరుకోవడం. చావాలన్న కోరికే ఉంటే వ్రతం చెడినట్టేనమ్మా, అన్నాడు.

పూజ్యపాదుడనే ఇంకో జైన గురువు చెప్పిన వ్యాపారి ఉపమానం కూడా చెప్పాడు. సరుకు నిండిన కొట్టుకు నిప్పంటుకుంటే ఏ వ్యాపారీ సంతోషించడు. ముందు మంట ఆర్పాలనే చూస్తాడు. ఇక ఆర్పలేనని తేలితేనే కొట్టును వదిలి సరుకు కాపాడుకుంటాడు. కొట్టు దేహం, సరుకు ధర్మం.

నాకు నా తమ్ముడి కొట్టు కనిపించింది. వానికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ నాలుగు సందర్భాల్లో వానిది ఏదీ కాదు. అప్పు మందులేని రోగం కాదు. వాడు గురువును అడిగి ఉంటే ఏ గురువూ ఒప్పుకునేవాడు కాదు, ఇంటికి పోయి మీ అక్కతో మాట్లాడు అనేవాడు. వానికి అడగడానికి మనిషే లేకపోయింది, ఆ ఒక్క రాత్రికి. వాడు చావును కోరుకున్నాడని కూడా నేననుకోను. అప్పులవాళ్ళ ఫోన్లు ఆగాలని కోరుకున్నాడు. తేడా ఉంది, నేను ఒప్పుకుంటున్నాను. కొండంత తేడా ఉంది. కానీ ఆ తేడాను పట్టుకొని పోయినవాడిని పాపి అనడానికి ఎవరికీ హక్కు లేదు. మంటల్లో ఒంటరిగా చిక్కుకున్నవాడిని సరుకెందుకు కాపాడుకోలేదని అడుగుతామా? 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అంటుంది. ఆ పెద్దమనిషికి ఇది ఎవరు చెప్పాలి?

పొట్టి శ్రీరాములు గారి సంగతి నేనే ఎత్తాను. 1952లో మద్రాసులో 58 రోజులు తిండి మాని డిసెంబరు 15న పోయారు. మనమెవరమూ దాన్ని ఆత్మహత్య అనం. రాష్ట్రం ఇస్తామని గట్టిగా చెప్పి ఉంటే ఆయన ఆ రోజే భోంచేసేవారు. గైడు తలూపాడు, కానీ అది సల్లేఖన కూడా కాదమ్మా, అందులో ఒక కోరిక ఉంది అన్నాడు. ఈ మాట గురించి నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.

గైడు మీద నాకు గౌరవం పెరిగింది మాచికబ్బె సంగతి వచ్చినప్పుడు. హొయ్సళ విష్ణువర్ధనుని రాణి శాంతల 1131లో శివగంగలో పోయింది. ఆమె కట్టించిన బసది ఈ కొండ మీదే ఉంది. కూతురు పోయాక తల్లి మాచికబ్బె బెళగొళకు వచ్చి, నెల రోజులు ఉపవాసముండి ప్రాణం వదిలిందని శాసనం. "అది కడుపుకోత కాదా, అయ్యా? వ్రతమని ఎట్లా అంటారు?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "శాసనం రాసినవాళ్ళు వ్రతమని రాశారు తల్లీ. ఆమె మనసు రాతిలో దొరకదు" అన్నాడు. దబాయించి జవాబు చెప్పి ఉంటే ఒక స్టారు అక్కడే తీసేసేదాన్ని.

మరి తీసేసిన స్టారు ఎందుకంటే, కోర్టు విషయం తప్పు చెప్పాడు. "సుప్రీంకోర్టు సరేనంది" అన్నాడు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు సంథారా (సల్లేఖనను శ్వేతాంబర జైనులు అట్లా అంటారు) ఆత్మహత్యే, నేరమే అని తీర్పిచ్చింది. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. స్టే అంటే సరేనన్నట్టు కాదు. వినేవాళ్ళు అదే నమ్మి వెళ్ళిపోతారు కాబట్టి గైడ్లు ఇది సరిగ్గా చెప్పాలి.

ఇంకొకటి. 2016లో హైదరాబాదులో 68 రోజుల ఉపవాసం తర్వాత చనిపోయిన పదమూడేళ్ళ పాప గురించి అడిగితే, "అది తపస్సు, సల్లేఖన కాదు" అని ముందుకు నడిచాడు. మాట నిజమే. నేనడిగింది పేరు కాదు. పదమూడేళ్ళ బిడ్డ సరేనంటే ఆ సరేను పెద్దవాళ్ళు ఎట్లా తీసుకుంటారు? బండ మీద పేర్లున్న మునులకు వద్దని చెప్పగల గురువు ఉన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే వద్దని చెప్పేదెవరు? చూసుకునే దిక్కులేని ముసలమ్మ "నేను తిననులే" అన్నా నాకు ఇదే భయం. అక్కడ గైడు నిలబడి ఉండాల్సింది.

వెళ్ళేవాళ్ళకు: పొద్దున తొమ్మిదిలోపే ఎక్కండి. చెప్పులు కిందనే వదలాలి, బండ బాగా కాలుతుంది. మెట్లు దొడ్డబెట్టకంటే చాలా తక్కువ. నీళ్ళు మీరే తీసుకుపోండి. శాసనాల దగ్గర ఎక్కువసేపు కావాలని గైడుకు ముందే చెప్పండి, లేకపోతే బసదులతోనే సమయం అయిపోతుంది. మా తమ్ముడిలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ కొండ దాకా రానక్కర్లేదు, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు. మాకప్పుడు అలాంటి నంబరు తెలియదు.

దిగేటప్పుడు మా అమ్మ గురించి చెప్పాను. డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు పనిచేయవు, కొడుకుకు గతులుండవన్న మాట ఇప్పటికీ తలుచుకొని ఏడుస్తుంది. "ఎక్కక్కర్లేదు, కింద కల్యాణి కొలను మెట్ల మీద కూర్చోబెట్టండి, నందిసేనుని పద్యం నాకు నోటికి వచ్చు, అక్కడే చెబుతాను" అన్నాడు. దానికి డబ్బులొద్దన్నాడు. సంక్రాంతి అయ్యాక తీసుకుపోతున్నాను.