ఇయర్స్ పద్ధతిలో రిక్వైర్‌మెంట్లు రాయడం: చాలాకాలం వాడాక

వ్యాపార సాఫ్ట్‌వేర్‌కి రిక్వైర్‌మెంట్లు (అది ఏం చేయాలో చెప్పే వాక్యాలు) రాయడం నేర్చుకునేవాళ్ళు మొదట పట్టుకోవాల్సింది ఇయర్స్ (EARS, Easy Approach to Requirements Syntax) పద్ధతినే అని ఇన్నేళ్ళ వాడకం తర్వాత గట్టిగా చెప్పగలను. అలిస్టర్ మావిన్, ఆయన సహచరులు రోల్స్ రాయిస్‌లో జెట్ ఇంజిన్ కంట్రోల్ పని మీద దీన్ని తయారుచేసి 2009లో ప్రకటించారు. ఇందులో వాక్యం మూసలు ఐదే: ఎప్పుడూ వర్తించేది, ఏదైనా జరగ్గానే చేయాల్సింది, ఒక స్థితి ఉన్నంతసేపు చేయాల్సింది, ఫలానా సదుపాయం ఉన్నచోట చేయాల్సింది, జరగకూడనిది జరిగితే చేయాల్సింది. ఒక్కరోజులో అర్థమవుతాయి. చేతికి అలవాటు కావడానికి మాత్రం నెలలు పడుతుంది.

తెలుగులో ఆలోచించేవాళ్ళకి ఇది ఇంకా తేలిక. షరతు ముందు, పని చివర అన్నది మన వాక్యానికి ఎప్పటినుంచో ఉన్న వరసే. చిక్కల్లా కర్తతోనే. ‘బిల్లు ఆపాలి’ అంటే మనకి పూర్తి వాక్యమే, కానీ ఆపేది సిస్టమా, గుమాస్తానా, మేనేజరా? ప్రతి వాక్యంలోనూ సిస్టమ్ పేరు ఉండాలన్న నియమాన్ని ఎక్కడా సడలించకండి.

మందుల హోల్‌సేల్ బిల్లింగ్ తీసుకోండి. ‘గడువు దాటిన మందు బిల్లు కాకూడదు’ అని యజమాని అంటారు. దాన్ని అలాగే రాసి ప్రోగ్రామర్‌కి ఇస్తే రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది తేదీ. పెట్టె మీద నెల, సంవత్సరమే ఉంటాయి. మన దేశంలో మే 2026 అంటే మే 31 వరకు పనికొస్తుందని అర్థం. ఇది రాయకపోతే మే 1నే సరుకు ఆగిపోవచ్చు. రెండోది వాపసు. గడువు దాటిన సరుకును కంపెనీకి తిప్పి పంపడానికీ కాగితం తీయాలిగా! అందుకే వాక్యం ఇలా మారాలి: ‘అమ్మకం బిల్లులో గుమాస్తా ఎంచుకున్న బ్యాచ్ గడువు నెల చివరి రోజు బిల్లు తేదీకి ముందే అయిపోయి ఉంటే, బిల్లింగ్ సిస్టమ్ ఆ లైనును చేర్చనివ్వకుండా కారణం చూపాలి.’ కొనుగోలు వాపసుకి వేరే వాక్యం, వేరే నంబరు.

పై వాక్యం జరగకూడనిది జరిగితే చేయాల్సింది చెప్పే రకం. ఈ ‘జరిగితే’ మూసే నాకు అన్నిటికన్నా విలువైనది. ‘జరగ్గానే’ వాక్యం రాసిన ప్రతిసారీ, అది జరగకపోతే ఏమిటని అడగాలి. పత్రంలో ‘జరగ్గానే’ వాక్యాలు 40, ‘జరిగితే’ వాక్యాలు 5 ఉన్నాయంటే వివరాలు సగమే వచ్చాయని అనుమానించాలి.

ఇయర్స్ చేయలేనివీ ఉన్నాయి. స్కీములు, డిస్కౌంట్లు దీనికి లొంగవు. కస్టమర్ రకం, సరుకు రకం, బాకీ అని మూడు అవును-కాదు షరతులు కలిస్తేనే 8 వరసలు, నాలుగైతే 16. అక్కడ నిర్ణయ పట్టిక (ఏ షరతులు కలిస్తే ఏం చేయాలో ఒక్కో వరసలో చూపే పట్టిక) గీసి, ‘సిస్టమ్ పట్టిక 4 ప్రకారం డిస్కౌంటు లెక్కించాలి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టాలి. ‘వేగంగా’ లాంటి మాటల్నీ మూస పట్టుకోదు. ఎన్ని సెకన్లు, ఎన్ని కౌంటర్లు ఒకేసారి నడుస్తుండగా అన్నది మీరే అడగాలి.

అసలు వివరాల సేకరణలో ఇది సాయపడదు. దానికి కౌంటర్ దగ్గర కూర్చోవాల్సిందే, నెలాఖరు రోజు అయితే మరీ మంచిది. పాత బిల్లులు ఓ ఇరవై అడిగి తీసుకోండి, అందులో రద్దయినవి తప్పకుండా ఉండాలి. రద్దు వెనకున్న కారణాలే మీ ‘జరిగితే’ వాక్యాలు.

ఖరీదైన టూల్ అక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్‌లో నంబరు, వాక్యం, చెప్పినవారి హోదా, తేదీ, దాన్ని ఎలా పరీక్షించాలి, స్థితి అని ఆరు కాలమ్‌లు చాలు. వాక్యం తీసేస్తే ‘రద్దు’ అని గుర్తు పెట్టండి, ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకండి. ఇస్తే పాత టెస్ట్ కేసులు తప్పు వాక్యాన్ని చూపిస్తాయి. ఆమోదానికి మొత్తం పత్రం పంపితే ఎవరూ చదవరు. ఒక్కో విడత 15 వాక్యాలు, ఆ పని చేసే గుమాస్తాకి పైకి చదివి వినిపించండి.