బ్రాడీపేట అడ్మిషన్ కన్సల్టెన్సీతో జాగ్రత్త: నా సీటునే నాకు 60 వేలకు అమ్మాడు

గుంటూరులో ఎంబీఏ సీటు కోసం తిరుగుతున్నవాళ్ళు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. పేరు రాయను, రాస్తే కేసు పెడతానన్నాడు ఆ కన్సల్టెన్సీ నడిపే మహానుభావుడు. ఆ వీధుల్లో తిరిగినవాళ్ళకి ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది.

బీకాం అయింది, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాశాను, ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది. మొదటి రోజు నన్నూ నాన్ననీ ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, "బాబాయ్ గారూ, ఈ ర్యాంకుకి కౌన్సెలింగ్‌లో మంచి కాలేజీ రాదు. మీ అమ్మాయి నా చెల్లెలు లాంటిది, మేనేజ్‌మెంట్ కోటాలో నేను ఇప్పిస్తా" అన్నాడు. పక్కన కూర్చున్న ఇంకో అబ్బాయికి క్యాట్ పర్సంటైల్ తక్కువున్నా ఐఐఎంలో మాట్లాడతానని చెబుతున్నాడు. స్కోరు, ఇంటర్వ్యూ అన్నీ చూసి సీటిచ్చే చోట వీడు ఎవరితో మాట్లాడతాడు? అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. టీ బాగుంది మరి.

60 వేలు కట్టాం. "కౌన్సెలింగ్ పని కూడా ఫార్మాలిటీకి మేమే చూస్తాం" అని నా హాల్ టికెట్ నంబరు తీసుకున్నాడు. ఫోన్‌కి ఓటీపీ వస్తే అడిగాడు, చెప్పేశాను. నా వెబ్ ఆప్షన్లలో, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే జాబితాలో, ఏం పెట్టాడో నేను చూడనేలేదు. డిగ్రీలో అకౌంటెన్సీ టాపర్‌ని లెండి.

సీటు వచ్చింది. స్వీట్లు పంచాం. చేరడానికి వెళ్ళినప్పుడు కాలేజీ ఆఫీసులో గుమస్తా నా కాగితం తిప్పి చూసి, "మీది కన్వీనర్ సీటేగా అమ్మా, డొనేషన్ ఎవరికి కట్టారు?" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. అందులో స్పష్టంగా ఉంది, నా ర్యాంకుకి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు. ఇంటికొచ్చి పోయినేడాది చివరి ర్యాంకులు చూస్తే, నాకంటే చాలా వెనకున్నవాళ్ళకి కూడా అక్కడ సీటు వచ్చింది. ఇంకా మంచి కాలేజీలూ వచ్చేవి. కానీ ఆప్షన్లలో ఆయన పెట్టింది రెండే రెండు.

ఆ సాయంత్రమే వెళ్ళాం. టీ లేదు, కుర్చీ లేదు. బాబాయ్ గారు కాస్తా "ఏంటి పెద్దాయనా" అయ్యాడు. "సీటు వచ్చిందా లేదా? రసీదు చదువుకోండి" అన్నాడు. చదివాం. "కెరీర్ గైడెన్స్ ఫీజు, తిరిగి ఇవ్వబడదు." సీటు అన్న మాటే లేదు. నేను గట్టిగా అడిగితే, "ఓటీపీ నేను లాక్కున్నానా? నువ్వే చెప్పావుగా పాపా" అని నవ్వాడు. లోపల పనిచేసే ఇద్దరూ నవ్వారు. మిర్చి యార్డులో కాటా దగ్గర బస్తాకి కిలో తేడా వస్తే ఊరుకోని మా నాన్న, అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. డబ్బు కంటే అదే ఎక్కువ మండుతోంది నాకు.

ఇందులో బ్రహ్మవిద్యేం లేదని ఇప్పుడు తెలిసింది. ఐసెట్ 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, మైనస్ మార్కుల్లేవు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకును బట్టి ఇస్తారు, ఫీజు ప్రభుత్వం నిర్ణయించినదే. మిగతా 30 శాతమే మేనేజ్‌మెంట్ కోటా. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యాక ఆప్షన్లు మనమే ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు. ఎన్ని పెట్టినా ఎవరూ వద్దనరు.

కాలేజీకే నేరుగా కట్టి, క్లాసులు మొదలవకముందు మానేస్తే 1000 రూపాయలకు మించి కోయకూడదని ఏఐసీటీఈ (ఇలాంటి కోర్సులను చూసే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. ఇలాంటి మధ్యవాళ్ళకి కట్టినదానికి అదీ లేదు.

ఓటీపీ దేవుడడిగినా చెప్పకండి. మేనేజ్‌మెంట్ కోటా కావాలంటే కాలేజీకే వెళ్ళి అడగండి, రసీదు కాలేజీ పేరు మీదే తీసుకోండి. ఆయనకి ఇప్పటికే కట్టినవాళ్ళుంటే మీ అలాట్‌మెంట్ కాగితం మీద ఏ కోటా అని ఉందో చూసి నాకు మెసేజ్ పెట్టండి. రేపు పొద్దున మేం పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాం, నలుగురం కలిసి వెళ్తే కనీసం కూర్చోమంటారు.