వాడిన ఔట్‌బోర్డ్ మోటారు: అడిగిన ధర, అసలు ఖర్చు

విశాఖపట్నం పెదజాలారిపేటలోని మా బావగారి ఫైబర్ తెప్ప కోసం, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో అమ్మకానికి ఉన్న 9.9 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారును (తెప్ప వెనక బిగించే ఇంజనును) పరిశీలించి, బేరమాడి కొన్నాము. కొత్తదాని ధరలో సగానికే వచ్చిన మాట నిజమే గాని, లెక్క అక్కడితో తెగదు.

అన్నిటికంటే ముందు చూడవలసింది గేర్ కేసు, అంటే మోటారు అడుగున నూనెలో పళ్లచక్రాలు తిరిగే పెట్టె. అడుగు స్క్రూ విప్పించి నూనెను తెల్ల కాగితం మీద కారనిస్తే, పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. అంటే నీటిని ఆపే సీలు అరిగి ఉప్పునీరు లోపలికి చేరుతోందన్న మాట. సీళ్లు చవకే, కూలీ కూడా భరించదగినదే. కానీ ఆ నీటితోనే చాలాకాలం తిరిగిన గేర్ పళ్లు, బేరింగులు తుప్పు పట్టి ఉంటే, వాటిని మార్చే ఖర్చు మిగిలిందనుకున్న సొమ్ములో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. అందువల్ల కేసు పూర్తిగా విప్పించి, పళ్లు బాగున్నాయని చూసిన తర్వాతే ధర మాట్లాడాము; సీళ్ల ఖర్చును అమ్మకందారు ధరలో తగ్గించాడు.

రెండు సిలిండర్ల కంప్రెషన్‌లో, అంటే లోపల పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడిలో, పది శాతానికి మించి తేడా ఉండకూడదు. ఇక్కడ దాదాపు సమానంగానే ఉంది. నీళ్ల డ్రమ్ములో నడిపినప్పుడు ఇంజనును చల్లబరిచి పక్కనుంచి చిమ్మే నీటి ధార సన్నగా ఉంది కాబట్టి, "మొన్ననే మార్చాం బాబూ" అన్న అమ్మకందారు మాటను పక్కనపెట్టి, ఆ నీటిని తోడే ఇంపెల్లర్‌ను కొత్తది వేయించాము. అయితే డ్రమ్ములో మోటారు మీద బరువు పడదు. అలల మీద వలతో, మనుషులతో లాగగలదా అన్నది సముద్రంలోనే తేలుతుంది.

కొనడానికి తగిన కాలం వేట నిషేధమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలకు వేట ఉండదు. చేతిలో డబ్బు ఆడక కొందరు ధర దిగుతారు, మరమ్మతుకు పట్టే రోజుల్లో మనకు వేట నష్టమూ ఉండదు. అదే మోటారు జూన్ చివర మొరాయిస్తే, విడిభాగం ఖరీదు కంటే ఒడ్డున గడిచిన రోజుల నష్టమే ఎక్కువవుతుంది.

మా మోటారుకు 50:1 పాళ్లలో, అంటే పది లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల చొప్పున, నూనె కలపాలి. ఇది ఎప్పటికీ తప్పని ఖర్చు. ఫోర్ స్ట్రోక్ మోటారుకు ఆ అవసరం లేదు, పెట్రోలు కూడా తక్కువే తాగుతుంది. కాకపోతే బరువు ఎక్కువ, పైగా మా వాళ్లు వేట ముగిశాక మోటారును ఊడదీసి ఇసుకలో భుజాన మోసుకుని ఇంటికి తెచ్చుకుంటారు కాబట్టి, టూ స్ట్రోక్‌నే ఎంచుకున్నాము.