హిల్లా, విల్లార్డా? నా డబ్బైతే ఎవరి చేతిలో పెడతాను

1880ల్లో అమెరికాలో మినసోటా నుంచి పసిఫిక్ దాకా వెళ్ళే రైల్వేలో డబ్బు పెట్టాలంటే కనిపించేది ఇద్దరే, నార్తర్న్ పసిఫిక్ రైల్వే హెన్రీ విల్లార్డ్, తర్వాత గ్రేట్ నార్తర్న్ రైల్వే కట్టిన జేమ్స్ జె. హిల్. నేనైతే హిల్‌కే ఇస్తాను.

విల్లార్డ్ సంగతి ముందు చెప్తా, మసాలా అంతా అక్కడే. జర్మనీ నుంచి 1853లో వచ్చి పేపర్ రిపోర్టరై లింకన్-డగ్లస్ ఎన్నికల డిబేట్లు కవర్ చేశాడు. 1881లో “ఎందుకో ఇప్పుడు చెప్పను గానీ నాకు 80 లక్షల డాలర్లు కావాలి” అన్నాడు, జనం ఎగబడి ఇచ్చారు! మన దగ్గర చిట్టీ కట్టేవాళ్ళే సవాలక్ష ప్రశ్నలేస్తారు కదా. ఆ అండతో నార్తర్న్ పసిఫిక్‌ని చేతిలోకి తెచ్చుకుని ప్రెసిడెంట్ అయిపోయాడు. 1883 సెప్టెంబర్ 8న మోంటానాలో గోల్డ్ క్రీక్ దగ్గర పట్టాలు కలిపే ఆఖరి మేకు కొట్టే పండగ, మాజీ ప్రెసిడెంట్ జనరల్ గ్రాంట్‌తో సహా రైళ్ళ నిండా గెస్టులు. నాలుగు నెలలు తిరగలేదు, 1884 జనవరిలో కుర్చీ దిగిపోయాడు.

హిల్ వేరే టైపు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది, సెయింట్ పాల్‌లో స్టీమర్ కంపెనీ గుమస్తాగా మొదలుపెట్టి బొగ్గు వ్యాపారంలోకి దిగాడు, 1878లో పార్ట్‌నర్లతో కలిసి దివాలా తీసిన రైల్వే లైన్ ఒకటి కొన్నాడు. ఎత్తెక్కడాలు, మలుపులు తక్కువ ఉండాలని ఒకటే పట్టు, ఎందుకంటే ఎత్తు ఎక్కువైతే ఇంజన్ బొగ్గు మింగేస్తుంది, ఆ ఖర్చు ఒక్కసారితో పోదు, ప్రతి ట్రైనుకీ రోజూ తగుల్తుంది. ఆ పట్టు వల్లే 1889 డిసెంబర్‌లో జాన్ స్టీవెన్స్ అనే ఇంజనీర్ మంచులో రాకీ పర్వతాలు దాటే మరియాస్ కనుమ కోసం వెళ్ళాడు, మైనస్ 40 చలి, పడుకుంటే గడ్డకట్టిపోతానని రాత్రంతా అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడట. దొరికిన కనుమ ఎత్తు సుమారు 5,200 అడుగులే.

1893 జనవరిలో హిల్ లైన్ పూర్తయింది, ఆ ఏడాదే మార్కెట్ కుప్పకూలింది. ఆగస్టులో నార్తర్న్ పసిఫిక్ దివాలా, గ్రేట్ నార్తర్న్ మాత్రం నిలబడింది.

అలాగని హిల్‌ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. గవర్నమెంట్ భూమి ముట్టకుండా కట్టాడంటారు, పడమర లైనుకి అది నిజమే, కానీ 1878లో కొన్నదానికి మినసోటాలో ల్యాండ్ గ్రాంట్, అంటే గవర్నమెంట్ ఇచ్చిన భూమి, ఉంది. మోంటానాలో ఆదివాసీలకి కేటాయించిన భూముల (రిజర్వేషన్ల) మీదుగా 1887లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ దగ్గర దారి తెచ్చుకున్నాడు. 1901లో బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌తో కలిసి రెండు లైన్లనీ ఒకే గొడుగు కిందకి తెస్తే 1904లో సుప్రీం కోర్టు కొట్టేసింది.

విల్లార్డ్ ఎవరికి మేలంటే, గోల్డ్ క్రీక్ పండగకి ముందే షేర్లు అమ్మేసుకునే తెలివి ఉన్నవాళ్ళకి.