వ్యాసంలో తప్పుడు వాదన పట్టుకోవడానికి ఏది మేలు: జాబితానా, తర్కశాస్త్రమా, ఒక్క ప్రశ్నా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు పిల్లల చేత వాదించే వ్యాసం రాయించాలంటే విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. "మనం ఏ మీడియంలో చదవాలి?" అని బోర్డు మీద రాస్తే చాలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నాన్నకేమో ఇంగ్లీషు మీద ఆశ. అభిప్రాయం ప్రతివాడికీ ఉంటుంది, దాన్ని నిలబెట్టే కారణం దగ్గరే తేలిపోతారు.

ఆ లొసుగులు దిద్దడానికి ఇప్పుడు ఎక్కువమంది వాడేది తప్పుడు వాదనల పేర్ల జాబితా. అరిస్టాటిల్ 13 రకాల తప్పుడు వాదనలు చెప్పాడు. ఇప్పుడు దొరికే పట్టికలు అంతకన్నా బారెడు పొడుగు: వ్యక్తిదూషణ, స్ట్రా మ్యాన్ (ఎదుటివాడు అనని మాట అన్నట్టు చూపి దాన్ని ఖండించడం), తొందరపాటు తీర్మానం, ఇంకా బోలెడు. కంటికి అలవాటైతే టీవీ డిబేట్ చూస్తూనే పట్టేయొచ్చు, కాదనను. కానీ నోట్సు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "స్ట్రా మ్యాన్" అని రాస్తే, రాసినవాడికి ఏం మార్చాలో తెలిసేదేముంది?

పైగా పేరు తప్పు చోట అతికే ప్రమాదమూ ఉంది. ఈ ఊళ్ళోనే రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు, గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనల్లోనే గ్రాంథిక దోషాలు ఏరి చూపించారు. జాబితా పట్టుకున్నవాడు దీన్ని చూడగానే "ఎదుటివాడి తప్పులెన్నడం, వ్యక్తిదూషణ" అనేస్తాడు. కాదు. జీవితమంతా చదివిన పండితులకే పట్టుబడని భాషను బడిపిల్లల నెత్తిన రుద్దడం ఏం న్యాయం అన్నది అక్కడి వాదం. ఆ తప్పులు ఆ వాదానికి సాక్ష్యం, తిట్లు కావు.

రెండో దారి మన తర్కశాస్త్రం. 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని చెప్పుకుంటాం కానీ, ఆయన చెప్పిన అయిదు హేత్వాభాసాలు (కారణంలా కనిపించే తప్పుడు కారణాలు) మన పిల్లలెవరికీ తెలియవు. వాటిలో బడికి బాగా అక్కరకొచ్చేది సవ్యభిచారం, అంటే చూపిన కారణం ఉన్నా తీర్మానం నిలవని చోటు దొరకడం. పొగ ఉంటే నిప్పుందనొచ్చు. నిప్పుంది కాబట్టి పొగ ఉందంటే మాత్రం కుదరదు, ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి పొయ్యిలో పొగ ఎందుకొచ్చింది? కట్టె పచ్చిది కాబట్టి.

దీన్ని తీసుకెళ్ళి ఒక వాక్యం మీద పెట్టి చూడండి: "మా బావ ఒడియా మీడియంలో చదివాడు, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. కాబట్టి ఒడియా మీడియంలో చదివితే ఉద్యోగం వస్తుంది." ముందు ఇనపగుండు వెతకమనాలి: అదే మీడియంలో చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు మీ వీధిలో లేరా? ఉన్నారు. తర్వాత పచ్చికట్టె: మీ బావ దగ్గర ఇంకేముంది? ఐటీఐ సర్టిఫికెట్ ఉంది మాస్టారూ! ఇక ఆ వాక్యం తనంతట తనే మారుతుంది. పేరు పెట్టి వదిలేయకుండా ఏది వెతకాలో చెబుతుంది కాబట్టి జాబితా కన్నా ఇది నాకు ఎన్నో రెట్లు నచ్చుతుంది. తంటా ఏంటంటే, మాట మెలిపెట్టడం లాంటివన్నీ ఈ అయిదింట్లో ఇమడవు. న్యాయశాస్త్రం (ఇక్కడ న్యాయమంటే తర్కమే) వాటికి ఛలం (మాటకు వేరే అర్థం అంటగట్టడం), 24 జాతులు (పసలేని ఎదురు వాదనలు), 22 నిగ్రహస్థానాలు (వాదంలో ఓడిపోయే చోట్లు) అని వేరే అరలు పెట్టింది. తొమ్మిదో తరగతి వాడికి అదంతా చెబితే మర్నాడు బడికి రాడు.

మూడోది పేర్ల జోలికే పోదు. కారణానికీ తీర్మానానికీ మధ్య రాయకుండా మింగేసిన వాక్యం ఏమిటో రాయమంటుంది. బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో ఈ మధ్య లంకె గురించే చెప్పాడు. "గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మనది. కాబట్టి మనం తెలుగు మీడియంలోనే చదవాలి" అని ఒకమ్మాయి రాసిందనుకోండి. మింగేసిన వాక్యం: "గొప్పాయన ఏ భాష కోసం పాటుపడితే ఆయన ఊరి పిల్లలు ఆ భాషలోనే చదవాలి." అలాగైతే గిడుగు వారు సవర గిరిజనుల భాషకూ అంతే పాటుపడ్డారు, మరి సవర మీడియం పెట్టమందామా? ఆ పిల్లే నవ్వేస్తుంది. అయితే అదే చోట గట్టి కారణం కూడా దొరుకుతుంది: సవర పిల్లలకు ఆయన సవరలోనే చదువు చెప్పించారు. ఇంటి భాషలో మొదలుపెడితే పాఠం త్వరగా ఎక్కుతుందన్నది అసలు వాదం. వ్యాసం అక్కణ్ణుంచి మళ్ళీ రాయించాలి.

ఒక మాట చెప్పి తీరాలి. కారణం కొట్టేస్తే అభిప్రాయం కొట్టేసినట్టు కాదు. ఇది చెప్పకపోతే "మాస్టారు తెలుగు మీడియం వద్దన్నారు" అని ఇంటికెళ్ళి చెబుతారు, సాయంత్రానికి వాళ్ళ నాన్న గుమ్మంలో ఉంటాడు.

దిద్దడానికైతే నా ఓటు మూడోదానికే. తీరిక లేని చోట, అంటే నలభై నోట్సులు ఒక్క రాత్రిలో చూడాల్సి వస్తే, "అందరూ", "ఎప్పుడూ", "కాబట్టి" అన్న మాటల కింద గీత పెట్టి ఇచ్చేయండి, సగం పని వాళ్ళే చేసుకుంటారు. పదో తరగతి దాటినవాళ్ళకు ఇనపగుండు, పచ్చికట్టె కలపండి. జాబితా మాత్రం వక్తృత్వ పోటీకి వెళ్ళేవాళ్ళకు దాచండి. అక్కడ ఎదుటివాడు గుక్క తిప్పుకోకుండా నాలుగు మాటలు విసురుతాడు, మధ్య వాక్యం రాయమనే వ్యవధి ఉండదు.